శనివారం పన్నెండింటిలోగా

ఫోన్ మోగినప్పుడు చైత్ర చేతిలో మైక్రోమీటర్ ఉంది. ఒక్కో షాఫ్టును మూడు చోట్ల కొలవాలి, ప్రతి చోటా సగం తిప్పి మళ్ళీ ఇంకోసారి కొలవాలి. మధ్యలో ఆపితే మొదటినుంచి చెయ్యాలనేది ఆ వర్క్‌షాపు యజమాని పురుషోత్తమ్ పెట్టిన నియమం. ఆయన ఎదురుగా లేకపోయినా చైత్ర ఆ నియమం తప్పదు. మూడో చోటు కూడా కొలిచి, కాగితం మీద అంకెలు వేసి, షాఫ్టును నూనె గుడ్డతో తుడిచి, ఓకే అని రాసి ఉన్న ట్రేలో పెట్టాక జేబులోంచి ఫోను తీసింది. అప్పటికి ఒకసారి ఆగిపోయి రెండోసారి మోగుతోంది.

నరసాపుర వైపు ఉన్న ఒక గేర్ల ఫ్యాక్టరీ నుంచి. పదకొండు రోజుల క్రితం అక్కడ ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. హెచ్చార్‌లో అంబరీష్ అనే ఆయన మాట్లాడాడు. పెళ్ళికి పిలుస్తున్నవాడిలా ఉంది గొంతు. క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా ఎంపికయ్యారు, అభినందనలు, లెటరు మెయిల్లో వచ్చి ఉంటుంది చూసుకోండి అన్నాడు. ఆ ఊపులోనే మిగతాది కూడా చెప్పేశాడు. సంతకం పెట్టిన కాగితం, దాంతోపాటు టెన్త్‌వీ డిప్లొమావీ ఒరిజినల్ మార్క్స్ కార్డులు శనివారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా ఆఫీసులో ఇచ్చేయాలి. కార్డులు ఏడాది పాటు కంపెనీ దగ్గరే ఉంటాయి, అది పాలసీ. ఉన్నది ఒక్క పోస్టు. వెనకాల ఇంకొకరు కాచుకొని ఉన్నారు. పన్నెండు దాటితే ఆ పోస్టు వాళ్ళకు పోతుంది.

ఆ రోజు గురువారం. పదకొండు రోజులు కంపెనీ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవచ్చు, మనిషికి మాత్రం రెండు రోజులు. మంగళవారం దాకా టైము ఇస్తారా అనే మాట చైత్ర నోటిదాకా వచ్చింది. ఎందుకు అని ఆయన అడిగితే ఏం చెప్పాలో తెలియక నీళ్ళు నమిలి, చివరికి "సరే సార్" అంది. ఫోను పెట్టేశాక ఆ సరే ఎందుకన్నానా అని తన మీద తనకే ఒళ్ళు మండింది.

మంగళవారం అడగడానికి కారణం ఉంది. రెండు వారాల ముందు ఆమె కేజీఎఫ్‌లోని కోరమండల్ స్టేషన్లో పొద్దున రైలెక్కి వైట్‌ఫీల్డ్ వెళ్ళింది. అక్కడ ఒక కొలతల ల్యాబ్ ఉంది. చుట్టుపక్కల కంపెనీలన్నీ తమ కొలిచే సాధనాలను అక్కడికి పంపి సరిగ్గా ఉన్నాయో లేవో చూపించుకుంటాయి. ఆ చల్లటి గదిలో ఒక పెద్దావిడ ఆమె చేతికి తెల్లటి గ్లోవ్స్ ఇచ్చి, పని అప్పజెప్పి, రెండు గంటల సేపు ఒక్కదాన్నే వదిలేసింది. బయటికి వచ్చేటప్పుడు ఫలానా సోమవారం సాయంత్రంలోగా చెప్తామంది. ఆ సోమవారం ఇంకా నాలుగు రోజుల్లో ఉంది. ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టాలని చైత్రకు ఎంత ఆశగా ఉందంటే, దాని గురించి ఎవరికైనా చెప్పాలన్నా భయంగా ఉంది.

మధ్యాహ్నం పురుషోత్తమ్ వచ్చాడు. విషయం విని సంతోషపడ్డాడు, ఆ వెంటనే తల గోక్కున్నాడు. ఆయన వర్క్‌షాపుకు ఆర్డర్లు తగ్గిపోయాయని కేజీఎఫ్‌లో తెలియనివాళ్ళు లేరు. "ఇప్పుడుండే ఈ షాఫ్టులు అయిపోతే ఈడ నీకు పని చూపించలేనమ్మా," అన్నాడు. "నెలాఖరు దాకా లాగుతాను. ఆమీట నువ్వే చూసుకోవాల." దాచకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవం కలిగింది గానీ నెలాఖరుకు రెండు వారాలే ఉంది.

వారమంతా చైత్ర ఉండేది మేనత్త సొన్నమ్మ ఇంట్లో. ఛాంపియన్ రీఫ్స్ పేటలో, పాత బంగారు గని కార్మికుల ఇళ్ళ లైన్లలో రెండు గదుల ఇల్లు. సొన్నమ్మ ఇడ్లీ పిండి రుబ్బి లైనంతటికీ అమ్ముతుంది. ఆ సాయంత్రం గ్రైండరు ఆపకుండానే అంతా విని తేల్చేసింది.

"సంతకం పెట్టేయ్. సోమవారం ఆ ఇంగొకటి వస్తే దీన్ని ఇడిచిపెట్టు. మా లైన్లో పిల్లోళ్ళు అందరూ చేసేది అదే."

"మార్క్స్ కార్డులు వాళ్ళ చేతిలో ఉంటాయి కదత్తా. ఇడిచిపెడితే అవి యాడొస్తాయి?"

సొన్నమ్మ గ్రైండరు ఆపింది. ఆ సంగతి ఆమెకు తట్టలేదు. పిండి వైపే చూస్తూ, మీ నాయన్ని అడుగు అంది. ఎలాగూ కార్డులు సొంత ఊళ్ళోనే ఉన్నాయి కాబట్టి చైత్ర మరుసటి రోజు సెలవు పెట్టింది.

*

శ్రీనివాసపురంలో బస్సు దిగి, షేర్ ఆటోలో ఊరు చేరేసరికి పది దాటింది. ఇంటికి పోకుండా నేరుగా మామిడి తోటకే పోయింది. జూన్ నెలలో వాళ్ళ నాన్న వెంకటరామప్ప ఇంట్లో దొరకడు.

ఇద్దరు మనుషులు చెట్టెక్కి వల సంచి కట్టిన గడలతో కాయలు దింపుతున్నారు. వెంకటరామప్ప కింద గోనెపట్టా మీద కూర్చుని ఒక్కో కాయకు తొడిమను వేలెడంత ఉంచి మిగతాది కత్తిరిస్తున్నాడు. తొడిమ మరీ పొట్టిగా తెగితే సొన కారి తోలు మీద నల్లటి చార పడుతుంది, మార్కెట్లో ఆ కాయను పక్కకు తోసేస్తారు. కత్తిరించిన కాయలను ఎండుగడ్డి మీద బోర్లించి పెడుతున్నాడు. కూతురు పనిరోజున ఎందుకొచ్చిందని అడగలేదు. తిన్నావా అని మాత్రం అడిగాడు. చైత్ర సంచి పక్కన పెట్టి, చున్నీ నడుముకు చుట్టుకుని, కాయల్ని సైజుల వారీగా క్రేట్లలోకి ఏరడానికి కూర్చుంది. ఏ పనైనా చేతులకు తగిలితే గానీ ఆమెకు మాట రాదు.

పదిహేను నిమిషాలు గడిచాయో లేదో, ఎవరో కొత్త మనిషి బైకు మీద వచ్చాడు. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీకి కాయ కొంటాడట. చివరి వరసలో ఉన్న నాలుగు తోతాపురి చెట్లు చూసి మనసు పడ్డాడు. ఈ తోటను పూత మీద ఉన్నప్పుడే దొడ్డమునియప్ప అనే వ్యాపారి మాట్లాడుకుని తాంబూలం ఇచ్చి పోయాడని వెంకటరామప్ప చెప్పాడు. ఆ దొడ్డమునియప్ప వారం రోజులుగా ఇటు కన్నెత్తి చూడలేదని ఎవరో చెప్పారని, ఆ నాలుగు చెట్లకు మంచి ధర ఇస్తానని, మబ్బు పట్టేలా ఉంది కాబట్టి ఇప్పుడే తేల్చమని వచ్చినాయన బతిమాలాడు.

"ఆయన రానీ, రాకపోనీ," అన్నాడు వెంకటరామప్ప కత్తెర ఆపకుండా. "తాంబూలం తీసుకున్న చెయ్యి ఇది."

ధర ఎంతో కూడా అడగలేదు. బైకు మనిషి పెదవి విరిచి వెళ్ళిపోయాడు. సంతకం పెట్టి తర్వాత వదిలేద్దామనే సొన్నమ్మ సలహాను నాన్న ముందు ఎలా పెట్టాలా అని బస్సులో మాటలు కూర్చుకుంటూ వచ్చిన చైత్ర, ఆ మాటలన్నిటినీ అక్కడే మింగేసింది.

మధ్యాహ్నం ఇంటి దగ్గర రాగిముద్ద ముందు కూర్చున్నప్పుడు ఫోన్లో ఉన్న లెటరును తెలుగులో చెప్పింది. వైట్‌ఫీల్డ్ సంగతీ చెప్పింది. వర్క్‌షాపులో పని నెలాఖరుతో సరి అని కూడా చెప్పింది. తల్లి అక్కయమ్మ వడ్డిస్తూ వింటోంది. వెంకటరామప్ప అన్నీ విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"సోమవారం సంగతి ఈ ఫ్యాక్టరీవాళ్ళకి చెప్పినావా?"

చెప్పలేదంది.

"చెప్పకుండా ఎట్లమ్మా? ఒక తోటను ఇద్దరు చూసిపోతే మొదటాయనకి ఆ మాట చెప్పేది మర్యాద. ఇట్ల ఇంగొకాయన చూసినాడు, సోమవారం వస్తానన్నాడు అంటే, ఆయన ఆగితే ఆగుతాడు, లేదంటే ఇంగో మాట చెప్తాడు. ఎవరికీ కోపం రాదు."

శ్రీనివాసపురం మండీలో అది నిజమే. వెంకటరామప్ప ఇన్నేళ్ళుగా కాయ అమ్ముకుంటున్నది ఆ పద్ధతిలోనే. ఇంకో బేరం ఉందని చెప్తే ఏ వ్యాపారీ కోపగించుకోలేదు సరికదా, తిన్నె మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుని ఇంకో కాఫీ అడిగాడు. ఆ లోకంలో ఇంకొకడు అడిగిన సరుక్కి విలువ పెరుగుతుంది. ఫ్యాక్టరీవాళ్ళు వేరు అని చైత్ర అనబోయింది. వాళ్ళూ మనుషులే కదా అన్నాడాయన. రేపు నేనూ వస్తాను, నేను మాట్లాడతాను అన్నాడు.

చైత్ర వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆమెకు హాయిగానే అనిపించింది. తాను అడగలేకపోయిన మాట ఇంకొకరు అడుగుతామంటే ఎవరికి మాత్రం హాయిగా ఉండదు?

*

శనివారం వెంకటరామప్ప ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తోటలో సొంతానికి ఉంచుకున్న ఒక బాదామి మామిడి చెట్టు కాయల్లోంచి రెండు డజన్లు ఏరి అట్టపెట్టెలో గడ్డి పరిచి సర్దాడు. మార్క్స్ కార్డుల ప్లాస్టిక్ కవరు చైత్ర ఒళ్ళోనే పెట్టుకుంది. కోలారులో బస్సు మారి, నరసాపుర దగ్గర దిగి, ఎండలో నడిచి ఫ్యాక్టరీ గేటు చేరేసరికి పదిన్నర.

సెక్యూరిటీ ఆయన పుస్తకంలో పేర్లు రాయించుకుని, కేండిడేటు ఒక్కరే లోపలికి అన్నాడు. వెంకటరామప్ప రేకుల షెడ్డు కింద ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో, మామిడి పెట్టె మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

అంబరీష్ ఫోన్లో అనుకున్నంత పెద్దవాడు కాదు. ముప్ఫై లోపే ఉంటాడు. మెడలో కార్డు, చేతిలో రెండు ఫోన్లు. చైత్రను చూడగానే కాగితాల కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అలా చాచి ఉండగా, కవరు గట్టిగా పట్టుకుని, మా అప్ప మీతో ఒక్క మాట మాట్లాడాలంటున్నాడు సార్ అంది. ఆయన ముఖంలో చిరాకు కనబడి మాయమైంది. గేటు దాకా వచ్చాడు.

వెంకటరామప్ప లేచి నిలబడి ముందు పెట్టె అందించాడు. తర్వాత మాట్లాడాడు.

"సార్, మా పాపను ఇంగోచోట కూడా చూసినారు. సోమవారం చెప్తామన్నారు. అది మీకు చెప్పకుండా సంతకం పెట్టేది బాగుండదు. మంగళవారం దాకా టైమియ్యండి. అవునన్నా కాదన్నా మేమే వచ్చి చెప్తాము."

అంబరీష్ నవ్వాడు. ఇంత ఓపెన్‌గా మాట్లాడేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారండీ అన్నాడు. చైత్ర వైపు తిరిగి అది ఏ కంపెనీ, ఏం పోస్టు, ఎవరు ఇంటర్వ్యూ చేశారు అని ఒకటొకటిగా అడిగి తెలుసుకున్నాడు. మా మేనేజర్ మేడంతో మాట్లాడి ఫోన్ చేస్తాను, మీరు బయల్దేరండి అన్నాడు. మామిడి పెట్టె చంకన పెట్టుకుని లోపలికి పోయాడు.

రోడ్డు దాకా నడుస్తూ వెంకటరామప్ప ముఖం వెలిగిపోతోంది. చెప్పే విధంగా చెప్తే ఎవరైనా వింటారన్నాడు. చైత్రకు కూడా నమ్మాలనే ఉంది. కోలారు బస్సులో సీట్లు లేక ఇద్దరూ నిలబడ్డారు. పావుగంటలో ఆమె ఫోను టింగుమంది.

నాలుగు లైన్ల మెయిలు. ఇంకొక అభ్యర్థితో ముందుకు వెళ్తున్నామని, మీకు ఇచ్చిన ఆఫర్‌ను వెనక్కి తీసుకుంటున్నామని, భవిష్యత్తులో మీకు శుభం కలగాలని కోరుకుంటున్నామని ఉంది. కింద అంబరీష్ పేరు. చైత్ర రెండుసార్లు చదివి, తర్వాత నాన్నకు తెలుగులో చెప్పింది.

వెంకటరామప్పకు మొదట అర్థం కాలేదు. టైమెంతయింది అని అడిగాడు. పదకొండూ ముప్పై ఎనిమిది అంది.

"ఇంగా పన్నెండు కాలేదే," అన్నాడు.

కోలారు బస్టాండులో దిగాక కూడా ఆయన ఆ మాట దగ్గరే ఉన్నాడు. పని పోయినందుకు కాదు ఆయన బాధ, ఆ లెక్కే ఆయనకు అందడం లేదు. ఇవ్వనంటే ఇవ్వననాలి, మంగళవారం కుదరదంటే కుదరదనాలి, అప్పుడు పన్నెండులోపల సంతకం పెట్టాలా వద్దా అని మనం చూసుకునేవాళ్ళం కదా. "గడువు పెట్టినోడు ఆ గడువు దాకా అయినా ఆగాల కదమ్మా?" అన్నాడు. అది మూడోసారో నాలుగోసారో.

చైత్రకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నువ్వు మామిడికాయలు అమ్ముకునే మనిషివప్పా. ఇది నీకు తెలిసిన బేరం కాదు. నిన్నెవురు రమ్మన్నారు?"

గట్టిగానే అంది. అరటిపళ్ళ బండి దగ్గర నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. వెంకటరామప్ప కూతురి చేతిలోని మార్క్స్ కార్డుల కవరు వైపు ఒకసారి చూసి, ఇవి నీ దగ్గరే పెట్టుకో, మళ్ళీ కావాల్సొస్తాయి అని శ్రీనివాసపురం బస్సు వైపు నడిచాడు. కేజీఎఫ్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ చైత్రకు నోరు జారానన్న సంగతి తెలిసి రాలేదు. తాను పిలవకుండానే ఆయన వచ్చిన మాట నిజమే. కానీ వద్దనని మనిషి కూడా ఉంది కదా ఇక్కడ. గురువారం నాడు ఫోన్లో సరే సార్ అన్నదీ ఆ మనిషే.

*

సోమవారం నాలుగింటికి వైట్‌ఫీల్డ్ నుంచి ఆ పెద్దావిడే ఫోన్ చేసింది. మీ చెయ్యి చాలా నిలకడగా ఉందమ్మా, కానీ ల్యాబ్ పనిలో రెండేళ్ళు చేసినవాళ్ళు దొరికారు, వాళ్ళనే తీసుకుంటున్నాం అంది. వచ్చే ఏడాది మళ్ళీ అప్లై చేయమని, ఈలోగా ఫలానా కోర్సు ఒకటి చేస్తే మంచిదని చెప్పి, ఆ పేరు రాసుకునేదాకా లైన్లోనే ఉంది. చెప్తామన్న రోజున చెప్పింది, కాదన్నది కాదనే చెప్పింది. చైత్ర థాంక్స్ మేడం అని, ఫోను పెట్టేసి, వర్క్‌షాపు వెనక నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి కాసేపు ఏడ్చింది. ముఖం కడుక్కుని వచ్చి, ఆపిన షాఫ్టును మళ్ళీ మొదటినుంచి కొలిచింది.

సాయంత్రం వెంకటరామప్ప ఫోన్ చేశాడు. శనివారం తర్వాత అదే మొదటి ఫోన్.

"వాళ్ళు చెప్పినారా?"

"చెప్పినారు. లేదన్నారు."

అవతల క్రేట్లు ఎత్తి పెడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత, అన్నం తిను అన్నాడు. సొన్నమ్మ పెట్టిన అన్నం ఆ పూట చైత్రకు సయించలేదు.

మంగళవారం పురుషోత్తమ్ తనకు తెలిసిన రెండు మూడు చోట్ల ఫోన్లు చేశాడు గానీ ఎక్కడా వెంటనే ఖాళీ లేదన్నారు. మీ అప్ప చేసింది తప్పేమీ కాదు, చోటు తప్పు అన్నాడు. ఇంకోసారి ఎవరైనా అడిగితే, చేతిలో ఇంకో ఆఫరు ఉందని కళ్ళార్పకుండా చెప్పమన్నాడు, అదెవరూ పోయి చూసొచ్చేది లేదన్నాడు. నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉంది. కొలవాల్సిన షాఫ్టులు గోడ వారగా రెండు వరసలే మిగిలాయి.

*

బుధవారం మధ్యాహ్నం వెంకటరామప్ప వర్క్‌షాపు గుమ్మంలో కనబడ్డాడు. చేతిలో గుడ్డ సంచి ఉంది. సొన్నమ్మకు కాయలిచ్చి పోదామని వచ్చానన్నాడు. పికింగు జరుగుతుండగా తోట వదిలి చెల్లెలికి కాయలివ్వడానికి రెండు బస్సులు మారి వచ్చే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. చైత్ర టీ తెప్పించి ఇచ్చింది. శనివారం అన్న మాట గురించి ఏదైనా అనాలనుకుంది, నోరు రాలేదు. ఆయనకూ రాలేదు. బోర్లించిన క్రేటు మీద కూర్చుని టీ తాగుతూ కూతురు పని చూస్తున్నాడు. ఆమె పని ఆయన చూడడం అదే మొదలు.

చైత్ర షాఫ్టును ఎడమ చేత్తో పట్టుకుని, మైక్రోమీటర్ దవడల మధ్యకు తెచ్చి, చివరి మరను వేలి కొసలతో తిప్పుతోంది. మర టిక్కు టిక్కుమని మూడుసార్లు అనగానే ఆపి, అంకె చదివి, కాగితం మీద వేస్తోంది.

"దాంట్లో ఏం తెలుస్తాది?" అని అడిగాడు.

"వెంట్రుకంత తేడా ఉన్నా తెలుస్తాదప్పా."

ఆయన ఒక షాఫ్టును చేతిలోకి తీసుకుని, కాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా తీసిన చోటే పెట్టాడు. ఆ సమయంలో ఫోన్ వచ్చింది. చైత్ర మూడో చోటు కొలిచి, రాసి, అప్పుడు తీసింది.

అంబరీష్. మళ్ళీ అదే పెళ్ళిపిలుపు గొంతు. మీ అదృష్టం బాగుంది మేడం అన్నాడు. ఆ ఇంకొక అభ్యర్థి మెయిల్లో సంతకం పెట్టి పంపి, సోమవారం వస్తానని రాలేదట, నిన్నటినుంచి ఫోను స్విచాఫ్ అట. పోస్టు మీకే ఇద్దామని మేనేజర్ మేడంను తానే ఒప్పించానన్నాడు. లైను మీద ఇన్‌స్పెక్షన్ ఆగిపోయి ఉంది కాబట్టి ఈ రోజు ఐదింటిలోగా ఒరిజినల్స్ తీసుకుని వచ్చేయాలి. చెప్పి, నవ్వుతూ, ఆ వైట్‌ఫీల్డ్ వాళ్ళు ఏమన్నారు అని అడిగాడు.

గోడ గడియారంలో రెండుంబావు. ఇప్పుడు బయల్దేరితే ఐదింటికి అందుకోవచ్చు. ఇంకో ఆఫర్ ఉందని చెప్పడానికి కూడా ఒక్క క్షణం చాలు. పురుషోత్తమ్ రెండు మెషీన్ల అవతల నిలబడి ఆమెనే చూస్తున్నాడు. చైత్ర తండ్రి వైపు చూసింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి, వింటున్నాడు.

"లేదన్నారు సార్," అంది.

"అయితే ఇంకేం? ఐదింటికి కలుద్దాం."

సరే సార్ అనే మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపడానికి ఆమెకు చాలా బలం కావలసి వచ్చింది. సోమవారం నుంచి వాళ్ళకు ఇంకొకరు దొరకలేదు. లైను ఆగి ఉందని ఆయనే చెప్పాడు. అవసరం ఒక్క తన వైపే లేదన్న సంగతి, అంకె చదివినంత స్పష్టంగా ఆమెకు కనబడింది.

"శనివారం చెప్తాను సార్. పన్నెండింటిలోగా."

"చేతిలో ఇంకోటి లేదంటున్నారు కదా. మరి శనివారం దాకా ఎందుకు?"

"ఆలోచించుకోవాల సార్. మార్క్స్ కార్డులు తెచ్చి చూపిస్తాను, మీ దగ్గర మటుకు పెట్టను. జిరాక్సులు ఇస్తాను. దానికి మీరు సరేనంటే, శనివారం దాకా నేను ఇంగెవురికీ మాటియ్యను."

పాలసీ అని ఏదో మొదలుపెట్టాడు అంబరీష్. మీరు అడిగి చెప్పండి సార్, లైన్లో ఉంటాను అంది. ఫోన్లో పాట వచ్చింది. చైత్ర మైక్రోమీటర్‌ను కింద పడేస్తానేమోనని పెట్టెలో పెట్టి మూత వేసింది. పోయింది, చేజేతులా పోగొట్టుకున్నాను అనుకుంది. ఈసారి తప్పు మోపి బస్టాండులో అరవడానికి కూడా ఎవరూ లేరు.

పాట ఆగింది. ఈసారి అంబరీష్ గొంతులో పెళ్ళీ లేదు, పిలుపూ లేదు. "సరే. శనివారం పన్నెండు. ఒరిజినల్స్ చూపించి తీసుకెళ్ళండి," అన్నాడు. థాంక్స్ చెప్పేలోపల పెట్టేశాడు.

పురుషోత్తమ్ తన మెషీను వైపు తిరిగాడు. వెంకటరామప్ప ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"ఇంగోటి లేదని చెప్పేసినావు కదా," అన్నాడు.

"చెప్పినాను."

"అయినా ఆగుతానన్నాడా?"

"ఆగుతానన్నాడు."

వెంకటరామప్ప మళ్ళీ క్రేటు మీద కూర్చున్నాడు. ఏనాడైనా ఆయన ఏ వ్యాపారినైనా గడువు అడిగాడంటే ఇంకో వ్యాపారి పేరు చెప్పి అడిగినవాడే. నా సరుకు, నా ఇష్టం, రెండు రోజులు ఆగు అని ఒట్టి చేతులతో అడగవచ్చని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తూ చిన్న గొంతుతో చెప్పాడు.

"నేనైతే ఈపాటికి నిన్ను బస్సెక్కించి ఉంటానమ్మా. భయమేసి."

వాళ్ళ నాన్న నోట ఆ మాట చైత్ర ఎప్పుడూ వినలేదు. ఆయన పక్కన ఇంకో క్రేటు బోర్లించి కూర్చుంది.

"నాకూ భయంగానే ఉండాదప్పా," అంది. "అయినా శనివారమే పోదాం."